నిదానంగా చల్లారనిద్దాం

పొద్దు వాలిందంటే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఫుట్‌పాత్ మీద అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. కోచింగ్ సెంటర్లలోంచి ఒక విడత పిల్లలు బయటికొస్తుంటే ఇంకో విడత లోపలికి వెళ్తుంటారు. ఆ రద్దీకి ఓ పక్కగా దుద్దులు, పూసల దండలు, గాజులు పెట్టుకుని అమ్మేవాళ్లుంటారు. హాస్టల్‌కి నడిచి వెళ్లే అమ్మాయిలు అక్కడ కాసేపు ఆగుతారు. ఒక దుద్దు తీసి చెవి దగ్గర పెట్టుకుని పక్కనున్న స్నేహితురాలి వైపు తిరుగుతారు. బాగుందో లేదో ఆమె నోటితో చెప్పక్కర్లేదు, ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

అక్కణ్నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. అక్కడ నగల సంగతి వేరు. పెద్ద దుకాణాలు, మెత్తటి కుర్చీలు, బల్ల మీద త్రాసు. గ్రాము ధర ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని లెక్కలు. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు పాత నగలు మూటగట్టుకుని వస్తారు. అమ్మమ్మ మెళ్లో ఉన్న గొలుసు కరిగి మనవరాలి నెక్లెస్ అవుతుంది. బంగారం తెగినా, వంగినా, సొట్టపోయినా ఎవరూ పారెయ్యరు. దాని విలువ దానిలోనే ఉంది.

గాజుకు ఆ భాగ్యం లేదు. చెయ్యి జారితే చీపురు, చేట, ఆ తర్వాత చెత్తబుట్ట. ‘జాగ్రత్త, కాల్లో గుచ్చుకుంటుంది’ అన్న మాట తప్ప దాని గురించి ఇంకేమీ వినపడదు.

అలా చెత్తబుట్టకు పోయే గాజును ఏరుకుని చేత్తో నగలు చేసేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తున్నారు. ఖాళీ సీసా అడుగుభాగం కోసి లాకెట్ చేస్తారు. మెడభాగం కోసి ఉంగరం చేస్తారు. పెంకులు కరిగించి పూసలు చేస్తారు. దగ్గు మందు సీసాలోని తేనె రంగు, సోడా సీసాలోని లేత ఆకుపచ్చ చెవి కింద వేలాడుతుంటే అది ఏ సీసాదో ఎవరూ పోల్చుకోలేరు. చూసినవాళ్లకి కొత్త ఫ్యాషన్‌లా అనిపిస్తుంది.

కానీ మన ఇళ్లలో ఆడపిల్లలకి ఈ విద్య ఎప్పుడో వచ్చు. ఒకప్పుడు పగిలిన గాజుల ముక్కలు దాచుకోని పిల్ల ఉండేది కాదు. గాజులాయన భుజాన మలారం వేసుకుని వీధిలోకొస్తే అరుగు మీద అమ్మలక్కలంతా చేరేవాళ్లు. ఆయన వేళ్లు దగ్గరికి నొక్కి, కబుర్లు చెబుతూ, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేవాడు. ఎంత ఒడుపున్నా ఒకటో రెండో చిట్లేవి. ఆ ముక్కల కోసం పిల్లలు పక్కనే కాచుకుని కూచునేవాళ్లు.

ఆ ముక్కల్ని రంగులవారీగా ఏరి డబ్బాలో వేసేవాళ్లు. సగం ముక్కలు ఆటలకి. కొన్ని మూడు అద్దపు పట్టీల మధ్యకి చేరేవి. అట్టగొట్టంలో బిగించి కన్ను ఆనించి తిప్పితే లోపల పూలే పూలు. మిగిలినవి దండ కోసం. కొవ్వొత్తి వెలిగించి, ముక్కను పట్టకారుతో పట్టుకుని మంటలో పెడితే కాసేపటికి ఎర్రబడి మెత్తబడేది. అప్పుడు రెండు కొసలూ వంచి కలిపితే చిన్న కడియం. దాంట్లోంచి ఇంకో ముక్క దూర్చి మళ్లీ మంట మీద. ఎర్రది, పచ్చది, నీలం, మళ్లీ ఎర్రది. అలా సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ గడిచాక ఒక గొలుసు తయారయ్యేది. అది గుమ్మానికి వేలాడేది, దేవుడి పటానికి ఎక్కేది, బొమ్మల కొలువులో అమ్మవారి మెడలో పడేది.

ఆ పనిలో వేళ్లు చుర్రుమన్న అనుభవం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంకోటి కూడా గుర్తుండాలి. వంచిన ముక్క త్వరగా ఆరాలని నీళ్లలో ముంచితే టప్పున విరిగిపోయేది. అంత కష్టపడి వంచింది రెండు ముక్కలై చేతిలో మిగిలేది. ‘తొందరెందుకే, దాని మానాన దాన్ని వదిలెయ్’ అని వంటింట్లోంచి ఎవరో ఒకరు అనేవాళ్లు. అప్పుడది ఉత్త మందలింపు. ఆ పనిలోని అసలు కీలకం అందులోనే ఉందని ఆ వయసులో ఎలా తెలుస్తుంది?

గాజుతో మన చుట్టరికం ఇంకా పాతది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం కాలపు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. నాణేలు, మట్టిబొమ్మలతో పాటు రకరకాల పూసలు దొరికాయి. వాటిలో గాజు పూసలూ ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఈ నేల మీద ఒక అమ్మాయి మెడలో గాజు పూసల దండ వేసుకుని తిరిగింది. ఆమె పేరు మనకి తెలీదు, ఆమె మాట తెలీదు. ఆమెకి రంగులంటే ఇష్టమని మాత్రం తెలుసు.

తిరుపతి దగ్గర ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అని ఒక ఊరుంది. పూసల చరిత్ర చదివేవాళ్లకి ప్రపంచంలో ఎక్కడున్నా ఆ పేరు తెలుసు. ఒకప్పుడు పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో తయారై, సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దాకా వెళ్లిన సన్నటి గాజు పూసలున్నాయి. వాటిని చేసిన పద్ధతి తరతరాలుగా చేతులు మారుతూ ఈ చిన్న ఊళ్లో బతికింది. అమెరికాకు చెందిన పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇక్కడి పనివాళ్లను చూసి ఆ సంగతి లోకానికి చెప్పాడు.

ఆ పని తీరు వింటుంటే ఆశ్చర్యమేస్తుంది. బట్టీలో కరిగిన గాజును లాడ అనే పొడవాటి ఇనుప గొట్టానికి ముద్దలా పట్టిస్తారు. మధ్యలో ఇనుప కడ్డీ దూర్చి బోలు చేస్తారు. దాన్ని మళ్లీ బట్టీలోకి పెడితే, అవతలి వైపు కూర్చున్న పెద్ద పనివాడు కొస అందుకుని సన్నటి గొట్టంలా లాగడం మొదలుపెడతాడు. ఆ లాగుడు గంటల తరబడి ఒకే వేగంతో సాగాలి. చెయ్యి కాస్త ఆగితే లావవుతుంది, కాస్త తొందరపడితే తెగుతుంది. ఆ గొట్టాలను ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి, మూకుడులో వేసి వేడి చేస్తూ కలియబెడితే పదునైన అంచులు నున్నబడతాయి. బూడిద ఎందుకంటే ఒకదానికొకటి అంటుకోకుండా, రంధ్రం పూడకుండా. తిరుపతి కొండ కింద బజార్లలో పూసల దండ బేరమాడే మనకి, దాని వెనక ఇంత ఓపిక ఉంటుందన్న ఊహే రాదు.

అంతదూరం ఎందుకు, అమీర్‌పేట వెనకాలే గాజు కథ ఒకటుంది. మోతీనగర్ దాటి బోరబండ వైపు వెళ్తే గ్లాస్ ఫ్యాక్టరీ రోడ్డు వస్తుంది. అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ పేరుతో 1972లో మొదలై, తర్వాత ఏజీఐ గ్లాస్‌పాక్‌గా మారిన సీసాల కర్మాగారం వల్ల ఆ పేరు. మందులకీ పానీయాలకీ కావాల్సిన సీసాలు అక్కడ తయారవుతాయి. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగిస్తే గాజు. ఆ మూడింటితో పాటు పాత గాజు పెంకులు కూడా కొలిమిలో పడతాయి. అవి కలిస్తే తక్కువ వేడికే సరుకు కరుగుతుంది. ఒకసారి కరిగిన గాజుకు కరగడం సులువు.

ఆ పెంకులు ఎక్కణ్నుంచో రావు, మన వీధుల్లోంచే. గోనెసంచి వేసుకుని తెల్లవారకముందే బయల్దేరే మనుషులు, పాత సామాన్లు కొనే తోపుడు బండ్లు. ఖాళీ సీసా ఇచ్చి పీచుమిఠాయి తిన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. నాన్నకి తెలియకుండా నిండు సీసా ఖాళీ చేసేసిన గడుగ్గాయిలూ ఉండేవాళ్లు. ఆ సీసా ఏమైందో అప్పుడెవరూ ఆలోచించలేదు. ఏ కొలిమిలోనో పడి, కరిగి, మళ్లీ సీసా అయి, ఎవరింటికో జ్వరానికి మందు మోసుకెళ్లే ఉంటుంది.

ఆఫ్రికాలోని ఘనా దేశంలో క్రోబో అనే జాతివాళ్లు పాత సీసాలతోనే పూసలు చేస్తారు. సీసాను మెత్తటి పొడిగా దంచి, మట్టి అచ్చుల్లో నింపి, మధ్యలో కర్రపెండలం ఆకు కాడను నిలబెట్టి బట్టీలో పెడతారు. కాడ కాలిపోయి రంధ్రం మిగులుతుంది. ఆడపిల్ల పెద్దదయ్యాక చేసే వేడుకలో ఆ పూసల దండలే ఆమెకు అలంకారం. ఎక్కడి ఘనా, ఎక్కడి పాపానాయుడుపేట! పిల్లను ముస్తాబు చేసుకోవాలన్న ముచ్చట మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంట్లో చిన్న కొలిమి పెట్టుకుని సీసా గాజుతో నగలు చేసేవాళ్ల పని దగ్గరికొద్దాం. మొదట సీసాను నానబెట్టి కాగితం, జిగురు వదిలించాలి. కోసి, అంచులు అరగదియ్యాలి. ముక్కల్ని పేర్చి కొలిమిలో పెట్టి దాదాపు 800 డిగ్రీల దాకా వేడెక్కించాలి. అప్పుడు అంచులు కరిగి ముక్కలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. చూడ్డానికి ఒకే రంగున్న రెండు సీసాలైనా వాటి గాజు ఒకటి కాకపోవచ్చు. ఒకటి చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకోటి తక్కువ. అలాంటివి కలిపితే ఎంత బాగా అతుక్కున్నా చివరికి పగుళ్లే. అందుకని అనుభవమున్నవాళ్లు ఒక నగకి ఒకే సీసా గాజు వాడతారు.

ఇక్కడితో పని అయిపోయిందని బయటివాళ్లకి అనిపిస్తుంది. కరిగింది, కలిసింది, ఆకారం వచ్చింది. కానీ ఆ పని తెలిసినవాళ్లు అప్పుడు కొలిమి మూత తియ్యరు. 500 డిగ్రీలు దాటిన వేడి దగ్గర దాన్ని కాసేపు అలాగే నిలిపి, తర్వాత గంటకి ఇన్ని డిగ్రీల చొప్పున దించుతూ వస్తారు. చిన్న లాకెట్టుకి కూడా చాలాసార్లు ఒక రాత్రంతా పడుతుంది. కర్మాగారంలోనూ అంతే. అచ్చులో సీసాకి రూపం రావడానికి కొన్ని క్షణాలు చాలు. ఆ తర్వాత పొడవాటి సొరంగం లాంటి పొయ్యిలో వేడి తగ్గించుకుంటూ అది అరగంటో గంటో ప్రయాణం చెయ్యాలి.

ఎందుకంటే గాజు పైన ముందు చల్లారుతుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. పైభాగం గట్టిపడిపోయాక లోపలిది ముడుచుకోవాలని చూస్తుంది, చోటు దొరకదు. ఆ లాగులాట కంటికి కనపడదు. వస్తువు నున్నగా, మెరుస్తూ, చక్కగా ఉంటుంది. రెండు రోజుల తర్వాతో, రెండు నెలల తర్వాతో, ఎవరూ ముట్టుకోకుండానే పుటుక్కుమంటుంది. ‘ఉన్నట్టుండి పగిలింది’ అంటాం. అది ఉన్నట్టుండి పగల్లేదు. త్వరగా చల్లార్చిన రోజునే ఆ పగులు లోపల పడింది.

చేతిపనులన్నీ ఇలా నిదానాన్నే కోరవు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లని చూడండి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. లక్కను సెగ మీద మెత్తబరిచి, కడియానికి పట్టించి, అది వెచ్చగా ఉండగానే చకచకా గాజు రాళ్లు, అద్దపు తునకలు పొదగాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడిపోయి రాయి దిగదు. దేనికి తొందర కావాలో, దేనికి నిదానం కావాలో తెలియడమే పనితనం.

ఈ సంగతులన్నీ తెలుసుకుంటున్నకొద్దీ మనసు గాజు మీద నుంచి మనుషుల మీదికి వెళ్తుంది. అమీర్‌పేట ఎన్ని ఊళ్ల పిల్లలకి ఆశల ఊరో మనకి తెలుసు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రానివాళ్లు, వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు, పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టిన అమ్మలు కూడా అక్కడికొస్తారు. ఇరుకు గదిలో నలుగురితో సర్దుకుని, పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర నిలబడి తిని, కొత్త కోర్సులో చేరతారు. పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ముందు ఇంకో రకం జనం. ఏ జిల్లా నుంచో వచ్చి, చెట్టు కింద సంచీ పెట్టుకుని, లోపలున్న మనిషి కోసం రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు. ఈ రెండు పేటల మధ్య ఎంత వేడిని మనుషులు మౌనంగా భరిస్తున్నారో!

వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి తిరిగొస్తారు. కొందరు గెలిచి, కొందరు గెలవక, కొందరు ఒకరిని పోగొట్టుకుని. వచ్చిన మనిషికి మనం ప్రేమతోనే చేసే పని ఒకటుంది. ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?’ అని అడుగుతాం. ‘అయిందేదో అయింది, ఇక మర్చిపో’ అంటాం. ‘ఆస్పత్రి నుంచి వచ్చేశావుగా, ఇంకా నీరసమేమిటి?’ అంటాం. మనసులో మంచే ఉంటుంది. మనవాళ్లు తొందరగా మామూలు మనుషులైపోతే చూడాలని ఉంటుంది. పైకి వాళ్లు మామూలుగానే కనిపిస్తారు కూడా. నవ్వుతారు, పనిలో పడతారు. లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

మన పెద్దవాళ్లు ఈ సంగతి ఎరిగినవాళ్లు. బిడ్డ పుట్టాక తల్లిని నెలల తరబడి పుట్టింట్లో ఉంచేవాళ్లు. ఒంటికి పథ్యం, మనసుకి అమ్మ. మనిషి పోయిన ఇంట్లో రోజులు గడిచేదాకా పొయ్యి వెలిగించే బాధ్యత చుట్టాలే తీసుకునేవాళ్లు. పరామర్శకి వచ్చిన పెద్దావిడ పెద్దగా ఏమీ మాట్లాడేది కాదు. పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని, పొద్దుపోయాక లేచి వెళ్లేది. మర్నాడు మళ్లీ వచ్చేది. పరీక్ష తప్పిన పిల్లాణ్ని మేనమామ తన ఊరు తీసుకెళ్లి, చదువు ఊసెత్తకుండా చెరువు గట్టున తిప్పి, సెలవులయ్యాక తెచ్చి దిగబెట్టేవాడు. ఆ ఆచారాల్లో కొన్ని ఇప్పుడు కుదరవు, కొన్నింటిలో ఇబ్బందులూ ఉండేవి. కానీ మనిషి ఒక్కసారిగా చల్లారడన్న ఎరుక వాటన్నిటిలో ఉంది.

ఇప్పటి ఇళ్లు చిన్నవి, సెలవులు తక్కువ, అందరికీ పరుగు. ఎవరి తప్పూ కాదు. అయినా మన చేతిలో ఉన్నది కొంత ఉంది. ఫోన్‌లో ‘తిన్నావా?’ అని అడిగి, ఇంకేమీ అడగకుండా ఉండగలం. ఉద్యోగం పోయిన తమ్ముడి ముందు పక్కింటి అబ్బాయి జీతం మాట ఎత్తకుండా ఉండగలం. భర్తను పోగొట్టుకున్న పిన్ని ఏడాది తర్వాత కూడా అదే కథ మళ్లీ చెబుతుంటే, మొదటిసారి వింటున్నట్టే వినగలం. ఇవేవీ పెద్ద పనులు కావు. ఖర్చు లేనివి. కాస్త సమయం మాత్రం తీసుకుంటాయి.

పగిలిన గాజుతో నగ చేసేవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది అదే అనిపిస్తుంది. విరిగినదాన్ని కరిగించి కలపడం సగం పనే. దానికి కావాల్సినంత సేపు ఇవ్వడం మిగతా సగం. ఆ రెండో సగంలో చేసేదేమీ ఉండదు, ఎదురుచూడ్డం తప్ప. అందుకే అది కష్టం. మనకి ఏదో ఒకటి చేస్తేనే సాయం చేసినట్టుంటుంది.

ఈసారి మనవాళ్లలో ఎవరైనా కష్టం దాటి ఇంటికొస్తే సలహాలు కొన్నాళ్లు పక్కన పెడదాం. వాళ్లు లేచి తిరిగే వేళకి లేస్తారు, మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడతారు. ఆ రోజు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలుస్తుంది. అప్పటిదాకా తొందరపెట్టకుండా పక్కన ఉండగలిగితే, మనం వాళ్లకి చెయ్యగలిగిన మేలులో చాలా భాగం చేసినట్టే.